చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొరగారు: పనిలో పొందిక

ప్రతి సంవత్సరమును జూను మాసమున పాఠశాల తలుపులు తెరచిన నాటినుండియు మేమొక దృశ్యమును తప్పక చూచుచుందుము. గంట మ్రోగును. పిల్లలు వరుసలు తీర్తురు. ఉపాధ్యాయుడు పాఠము నారంభించును. అంతలో ఒక విద్యార్థి తన సంచిని బోర్లించి లెక్కల పుస్తకమునకై వెదకుచుండును. రాత్రి మేలుకొని లెక్కలన్నియు చేసినవాడే. చేసిన లెక్కలు ఇంట మంచము క్రింద నున్నవి; చేసినవాడు తరగతిలో తలవంచుకొని నిలిచియున్నాడు. ఇది తెలివి లేమి కాదు. సోమరితనమును గాదు. పొందిక లేకుండుట.

ఇండ్లలోను ఈ కథయే జరుగుచుండును. మా క్రోసూరు ప్రాంతమున ప్రత్తియు మిరపయు పండించు కుటుంబములు పెక్కు. విత్తనము మంచిది కాక పైరు చెడినయెడల, పరిహారము కోరబోయిన రైతును మొదట అడుగునది విత్తనము కొన్న రసీదును, విత్తనము వచ్చిన సంచియును. వాసములో చెక్కితినని తండ్రి చెప్పును. గూటిలో నుండవలెనని తల్లి చెప్పును. పిల్లవాడు దానితో గాలిపటము చేసెనేమో యని అవ్వ సందేహించును. ఆరు నెలల కష్టమునకు సాక్షియైన చిన్న కాగితము కనబడకపోవుటచే రైతు మాట చెల్లకపోవుచున్నది.

మమ్ము మేము మినహాయించుకొనుట లేదు. ఈ సంచికకు వ్యాసములు కూర్చు దినములలో ఒక విద్యార్థిని వ్రాసి యిచ్చిన పద్యములను మేము మిక్కిలి భద్రముగా దాచితిమి. దాచిన చోటు మరచితిమి. రెండు దినములు బీరువాలన్నియు గాలించి, తుదకు ప్రతిదినము మా చేతిలో నుండు హాజరుపట్టీ నడుమనే వానిని కనుగొంటిమి. ఆ బాలిక యెదుట మేము పడిన సిగ్గే ఈ వ్యాసమునకు మూలము. తాను పొందికగా పనిచేసి, ఇతరులచే చేయించి, తెలుగువారి సొత్తును చెదల నోటినుండి తప్పించిన యొక మహాపురుషుని చరిత్రను ఈ యేడు మా విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు చెప్పవలెనని సంకల్పించితిమి. ఆయన చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొరగారు.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. ఆయన తన బిడ్డలకు పసితనముననే పలు ప్రాచీన భాషలను నేర్పెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లాండునకు తరలిపోయెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో చదువు ముగించుకొని బ్రౌను కుంఫిణీ కొలువునకై 1817 ఆగస్టులో మద్రాసునకు వచ్చెను. వెలగపూడి కోదండరామ పంతులుగారివద్ద తెలుగు నేర్చెను. 1820లో కడపకు ఉద్యోగియై పోయెను.

నాడు తెలుగు నేర్వగోరు వానికి కష్టములు పెక్కు. అచ్చుపుస్తకములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని యుండెను. కావ్యములన్నియు తాటియాకుల మీద గంటముతో వ్రాయబడి ఇంటింట చెల్లాచెదరుగా నుండెను. తాటియాకు చిరకాలము నిలుచునదే. కాని దానిని విప్పి, దులిపి, శిథిలమైనపుడు క్రొత్త యాకులపైకి ఎక్కించువారుండవలెను. అట్టి పోషణ లేనిచోట పురుగులు తొలిచినవి, త్రాడు తెగి ఆకులు వరుస తప్పినవి, మొదలు గలిగి తుద లేనివి, తుద గలిగి మొదలు లేనివి అయి గ్రంథములు క్షీణించుచుండెను. సంపద లేకపోలేదు. ఉన్న సంపద ఎక్కడ నున్నదో, ఎంత యున్నదో చెప్పగలవాడే లేడు.

బ్రౌను కడపనుండి మచిలీపట్టణమునకు బదిలీయయ్యెను. అచ్చట 1824లో డుబాయి యను ఫ్రెంచి మతగురువు వ్రాసిన గ్రంథమున వేమనను గూర్చిన ప్రస్తావన ఆయన కంటబడెను. వెంటనే వేమన పద్యముల ప్రతులను తెప్పింప నారంభించెను. ఇక్కడనే ఆయనకు మొదటి చిక్కు ఎదురయ్యెను. ఒక ప్రతిలో మొదటనున్న పద్యము వేరొక ప్రతిలో తుదనుండును. ఒక ప్రతిలో నున్నది మరియొక దానిలో నుండనే యుండదు. ఒకే పద్యము రెండు పాఠములతో రెండు చోట్ల కనబడును. ఇట్టి రాశిని చూచి సామాన్యుడు విసిగి మూటగట్టి అటుకపై వేయును. బ్రౌను అట్లు చేయలేదు. ప్రతులను ఒకదానితో నొకటి పోల్చి, పద్యములను వేరుచేసి, 693 పద్యములను ఎన్నుకొని, వానికి ఇంగ్లీషు అనువాదమును జేర్చి 1829లో ప్రకటించెను. అంతకు పూర్వము 1827లోనే తెలుగు సంస్కృత ఛందస్సులను గూర్చి యొక గ్రంథమును వెలువరించెను.

ఈ అనుభవము ఆయనకొక పాఠము నేర్పెను. కావలసినది కేవలము ఉత్సాహము కాదు, ఒక పద్ధతి. ఆ పద్ధతిని ఆయన కడపలో స్థాపించెను. తిరిగి కడపకు వచ్చినపుడు ఆయన యొక బంగళాను తోటతో సహా కొని, అచ్చటనే పండితులను, లేఖకులను సమకూర్చి వ్రాతప్రతుల పరిష్కరణకు పూనుకొనెను. ఆయన నివాసమే ఆయన కార్యశాల యయ్యెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు ఆ పనికి పర్యవేక్షకులుగా నుండిరి. జూలూరి అప్పయ్యశాస్త్రిగారు, వఠ్యం అద్వైత బ్రహ్మశాస్త్రిగారు, రావిపాటి గురుమూర్తిశాస్త్రిగారు మొదలగు పండితులు ఆయా కాలములలో, ఆయా ఊళ్లలో బ్రౌనునకు తోడ్పడిరి. పేరు బ్రౌనుదైనను పాండిత్యములో పెద్దపాలు వీరిదే యని మనము మరువరాదు.

అచ్చట పని జరిగిన తీరును విద్యార్థులు మనసుపెట్టి చదువవలెనని మా కోరిక. ఒక కావ్యమును చేపట్టగానే మొదట దాని ప్రతులను ఊరూరినుండి తెప్పింతురు. ఒకటి రెండు కాదు, దొరకినయెడల పది పండ్రెండు వరకు. పిదప ఒక లేఖకుడు కాగితముపై చక్కని యక్షరములతో నొక ప్రతిని వ్రాయును. వ్రాయునపుడు ప్రతి పద్యమునకును సంఖ్య వేయును. ఒక పుట వ్రాసి దాని యెదుటి పుటను ఖాళీగా విడుచును. అటుపిమ్మట పండితులు కూర్చుండి తక్కిన ప్రతులను చేతబట్టుకొని దానితో పోల్తురు. భేదము కనబడినచోట దానిని ఖాళీ పుటలో వ్రాయింతురు. ఏది సరియైన పాఠమో ఛందస్సు ననుసరించి, వ్యాకరణము ననుసరించి, అర్థము ననుసరించి చర్చింతురు. న్యాయస్థానమున సాక్షులు తలకొక విధముగా చెప్పినపుడు న్యాయాధిపతి అన్నియు విని తీర్పు చెప్పునట్లు, వారు పాఠమును నిర్ణయింతురు. కఠినపదములకు అర్థము వ్రాయింతురు. గ్రంథములోని పదములకు అకారాది సూచిక కూర్తురు. తుదకు అంతయు జిల్దు కట్టబడి పుస్తకముల వరుసలో చేరును.

దీనిలో అద్భుతమేమియు లేదని కొందరనవచ్చును. నిజమే, అద్భుతము లేదు. ప్రతి మెట్టును చిన్నదే, ఎవరైనను చేయదగినదే. కాని ఏ మెట్టును తప్పింపకుండుటయు, ఏ మెట్టు తరువాత ఏది రావలెనో ముందే నిశ్చయించుకొనుటయు వారి గొప్ప. లేఖకునికి తన పని యెక్కడ ముగియునో తెలియును. పండితునికి తన పని యెక్కడ మొదలగునో తెలియును. ఒకడు జ్వరముతో పండుకొన్నను రెండవవాడు వచ్చి ఆ సంఖ్యనుండి పని సాగింపగలడు.

రెండు విషయములను మరల చెప్పెదము. మొదటిది సంఖ్య. పద్యమునకు సంఖ్య వేసినవెంటనే కడపలోని పండితుడును మచిలీపట్టణములోని పండితుడును ఆ పద్యమును గూర్చి జాబులలో మాటలాడుకొనవచ్చును. ఇంటిలోని కాగితములకైనను ఇంతే. కట్టమీద సంవత్సరము వ్రాసియున్నయెడల తండ్రి పొలమునుండి కబురంపినను కుమార్తె తీసియీయగలదు. రెండవది ఖాళీ పుట. పొందిక యనగా ప్రతి గడియను ప్రతి యంగుళమును క్రిక్కిరియ నింపుట యని పలువురు భ్రమపడుదురు. బ్రౌనుగారి లేఖకుడు సగము కాగితమును ఖాళీగా విడిచెను. రేపు తెలియబోవు దానికి, నేడు జరిగిన తప్పునకు చోటుండవలెనని ఆయనకు తెలియును. పరీక్షలకు చదువు విద్యార్థి వేసుకొను పట్టికలోను ఇట్టి ఖాళీ యుండవలెను. లేనియెడల ఒక్క దినము చుట్టము వచ్చినను పట్టిక యంతయు కూలిపోవును.

జాబులను సైతము బ్రౌను పారవేయలేదు. పండితులు, వ్యాపారులు, ఉద్యోగులు తనకు వ్రాసిన తెలుగు జాబులను భద్రపరచి కూర్పించెను. అందువలననే బంగోరె యను పేర ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు 1970వ దశకమున వానిని పరిశీలించి, నాటి తెలుగుదేశపు బ్రతుకు తీరును, స్థానిక చరిత్ర శకలములను మనకందింపగలిగిరి. నాడు ఎవరును చరిత్ర యని తలపని జాబులు, వరుసతప్పక దాచినందున చరిత్ర యయ్యెను.

బ్రౌనుగారి జీవితమున మన సీమకు సంబంధించిన ఘట్టమొకటి కలదు. 1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను ఘోరమైన కరవు పీడించెను. నేటి పల్నాడు జిల్లా 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడినది. నాడు ఈ ప్రాంతము గుంటూరు జిల్లాలోనిదే. నందన నామ సంవత్సరమున వచ్చుటచే నందన కరవనియు, మనుష్యుల డొక్కలెండి ఎముకలు బయటపడుటచే డొక్కల కరవనియు ప్రజలు దానిని పిలిచిరి. ఆ జిల్లాలోని సుమారు 5 లక్షల జనులలో లక్షన్నర మొదలు 2 లక్షలవరకు నశించిరని చరిత్రకారులు లెక్కించిరి. మన తాతల తాతలలో ఆ కరవును దాటి బ్రతికినవారి సంతతియే మనలో పెక్కుమంది.

ఆ దినములలో బ్రౌను గుంటూరున కొలువులో నుండెను. పై యధికారులు దానిని ధాన్యపు కొరత యని మృదువైన మాటతో పేర్కొనగోరినను, బ్రౌను తన వ్రాతలలో దానిని కరవనియే వ్రాసెను. ఇది మాటల తగవు కాదు. కొరత యని చిట్టాలో వ్రాసినచో దానికి తగిన కొద్దిపాటి యేర్పాటులే జరుగును. కరవని వ్రాసినచో కరవునకు తగిన యేర్పాటులు చేయవలసిన బాధ్యత ప్రభుత్వముమీద పడును. ఉన్నదానిని ఉన్నట్లు వ్రాయుట పొందికకు పునాది. అందమైన గీతలు గీసి తప్పు లెక్కలు వ్రాసిన చిట్టా పొందిక గలది కాదు. గుణపత్రమును తండ్రికి చూపక దాచు విద్యార్థియు, అప్పును ఇంటివారికి చెప్పక దాచు గృహస్థుడును ఈ సంగతిని ఆలోచింపవలెను.

అయితే బ్రౌనుగారిలో లోపము లేదనుకొనరాదు. చరిత్ర చెప్పునపుడు దోషమును మూసిపెట్టుట మేము పైన చెప్పిన ధర్మమునకే విరుద్ధము. గ్రంథముల విషయమున అంత పొందిక చూపిన బ్రౌను ధనము విషయమున దానిని చూపలేదు. పండితుల జీతములు, లేఖకుల కూలి, కాగితము, జిల్దులు, ప్రతుల వెల, తాను కడపలోను మచిలీపట్టణములోను పెట్టిన ఉచిత పాఠశాలల ఖర్చు, అన్నియు తన జీతమునుండియే పోవుచుండెను. జీతము చాలనపుడు అప్పు చేసెను. అప్పు పెరిగెను. ఇంతలో పై యధికారులతో పొసగక 1834లో ఉద్యోగమునుండి తొలగవలసివచ్చెను. 1835లో ఆయన ఇంగ్లాండునకు ప్రయాణమయ్యెను. సదుద్దేశముతో చేసిన అప్పుకూడ అప్పే. తాను ప్రాణముగా చూచుకొన్న కార్యశాలను విడిచి సముద్రము దాటిన నాడు ఆయన హృదయ మెట్లుండెనో మనము ఊహించుకొనవలసినదే. ఇంటి జమాఖర్చులను వారమునకొకసారియైన వ్రాసి చూచుకొనుట ఎంత యవసరమో ఈ ఘట్టము తెలుపుచున్నది.

లండనులో ఆయన ఊరకుండలేదు. కుంఫిణీవారి ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు 2,106 పడియున్నవని కనుగొనెను. వానిని చదువగలవారు లండనులో లేరు. చదువగలవారున్న మద్రాసునకు అవి పంపబడినచో ఉపయోగపడును. బ్రౌను ప్రయత్నించి వానిని మద్రాసునకు పంపించెను. వస్తువు ఎవరికి కావలెనో వారి చేతికి అందు చోట నుండుటయే దాని తావు. పలుగు అటుకమీదను, పట్టుచీర పెరటిలోను నుండిన ఇంటిని సర్దిన ఇల్లనము గదా.

ఈ సందర్భమున మరియొక మహనీయుని స్మరింపవలెను. కర్నలు కాలిన్ మెకంజీ కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుగు సోదరుల సాయమున ఊరూరి కైఫియత్తులను, శాసనములను, గ్రంథములను ప్రోగుచేసెను. మా క్రోసూరునకు చేరువనున్న అమరావతి స్తూపపు శిల్పములకు 1816వ సంవత్సరము మొదలుకొని బొమ్మలు వ్రాయించినవాడాయనయే. పిమ్మట ఎన్నియో శిలలు చెదరిపోయినను ఆ బొమ్మలవలన వాని రూపము మనకు తెలియుచున్నది. కాని మెకంజీ తాను కూర్చిన మహారాశిని వరుసలో పెట్టి వివరించుటకు తీరిక చిక్కక 1821లో మరణించెను. విల్సను పండితుడు దానికి పట్టిక వ్రాసి 1828లో అచ్చొత్తించెను. ప్రోగుచేయుట ఒక పని, సర్దుట రెండవ పని; మొదటిది ముగిసిన పిదప రెండవది చేసెదమని వాయిదా వేసినయెడల ఆయువు చాలకపోవచ్చును. మెకంజీ సంపాదించిన స్థానిక వృత్తాంతములు శిథిలమగుచుండగా, బ్రౌను మద్రాసునకు తిరిగివచ్చిన పిదప వానిని మంచి కాగితముపై తిరిగి వ్రాయించి సంపుటములుగా కూర్పించెను. నేడు తెలుగునాటి గ్రామముల కైఫియత్తులు అచ్చుపుస్తకములలో చదువగలుగుచున్నామన్న, మెకంజీ ప్రోగుచేయుటయు బ్రౌను తిరిగి వ్రాయించుటయు రెండును కారణములే.

1837లో బ్రౌను మద్రాసునకు తిరిగివచ్చెను. ప్రభుత్వమునకు అనువాదకుడుగను, పిదప తపాలాశాఖాధిపతిగను పనిచేసెను. ఉత్తరములను ఊరివారీగా వేరుచేసి, సమయమునకు చేర్చు శాఖకు ఇట్టి పురుషుడు అధిపతియగుట తగినదేగదా. పగటి ఉద్యోగమును విడువక, తెలుగు పనిని మానక, రెండింటిని సాగించెను. 1840లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. 1844లో వసుచరిత్రమును, 1851లో మనుచరిత్రమును వ్యాఖ్యలతో వెలువరించెను. 1852వ సంవత్సరమున ఆయన నిఘంటువు లోకమునకు వచ్చెను.

నిఘంటువును గూర్చి కొంచెము చెప్పెదము. పది గదుల ఇంటిని సర్దుటకే మనము అలసిపోదుము. ఒక భాషలోని మాటలన్నిటికి చోటు చూపుట ఎట్టిదో తలపోయుడు. కడప కార్యశాలలో ఒక్కొక్క కావ్యమునకు వ్రాయించిన పదసూచికలు ఇచ్చట అక్కరకు వచ్చెను. అప్పు డవి ఒక కావ్యమునకు సంబంధించిన చిన్నపనిగా తోచినవి. ఇరువది యేండ్ల పిమ్మట మహానిఘంటువునకు ఇటుకలయ్యెను. కావ్యపదములతో ఆయన తృప్తిపడలేదు. రైతులు, వర్తకులు, స్త్రీలు వాడుకొను పలుకులను చేర్చెను. కచ్చేరులలో వాడుకలోనున్న పారసీ, హిందూస్థానీ, ఇంగ్లీషు మాటలను వేరుగా కూర్చి మిశ్రభాషా నిఘంటువు నొకదానిని 1854లో ప్రకటించెను. పండితులు తక్కువగా చూచిన మాటలనుగూడ ఆయన విడువలేదు. మాటయైనను వస్తువైనను నిత్యము చేతబట్టి వాడునదే ముందుగా చోటునకు అర్హమైనది.

ఉద్యోగము విరమించి 1855లో బ్రౌను ఇంగ్లాండునకు శాశ్వతముగా మరలిపోయెను. వార్ధక్యమునను తెలుగును విడువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగునకు ఆచార్యుడయ్యెను. తన సాహిత్య జీవితమును తానే సంక్షేపముగా వ్రాసి ముద్రింపించెను. 1884 డిసెంబరు 12వ తేదీన, 86 సంవత్సరముల వయసున, లండనులో కన్నుమూసెను. మెకంజీగారి సంపుటములు, ఇండియా హౌసునుండి వచ్చినవి, బ్రౌనుగారు సేకరించినవి, ఈ మూడును మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయమునకు మూలధనములయ్యెను. కడపలో ఆయన నివసించిన స్థలమున నేడు ఆయన పేర నొక గ్రంథాలయమును, భాషా పరిశోధన కేంద్రమును నడచుచున్నవి. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు దానికై ఎంతయో శ్రమించిరి. మా విద్యార్థులలో ఎవరైనను కడపకు పోయినపుడు తప్పక చూచి రావలెను.

ఆయన పరప్రభుత్వపు ఉద్యోగియే. కుంఫిణీ పరిపాలనలోని అన్యాయములను మేము మరచి మాటలాడుట లేదు. అయినను ఒక మనుష్యుడు తనకు పరాయిదైన భాషకు చేసిన సేవను ఆ భాషవారు గుర్తింపకుండుట తగదు. మన పద్యములను మనమే చెదలకు విడిచిన నాడు వానిని ఏరి దుమ్ము దులిపినవారిలో ఆయన యొకడు.

ఇక మన ఇండ్లకు, మన పాఠశాలకు మరలివచ్చెదము. బ్రౌనువలె పండితులను పిలిపింపనక్కర లేదు, బంగళా కొననక్కర లేదు. ఇంటిలో ఒక పెట్టె చాలును. దానిలో పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, పిల్లల జనన పత్రములు, చదువు పత్రములు ఒక కట్టగా నుండవలెను. ఆ యేటి విత్తనములకు, ఎరువులకు, పురుగుమందులకు ఇచ్చిన రసీదులు వేరొక కట్టగా, పైన సంవత్సరముతో నుండవలెను. విత్తనపు సంచియు పంట చేతికి వచ్చువరకు వానితోనే యుండవలెను. ఆ పెట్టె ఎక్కడ నున్నదో ఇంటిలోని పెద్దలందరికి తెలియవలెను. ఒక్కరికే తెలిసిన చోటు దాచిన చోటగును గాని సర్దిన చోటు కాదు. మా హాజరుపట్టీ కథ దీనికే నిదర్శనము.

విద్యార్థులు రాత్రి నిద్రించుటకు ముందు మరునాటి పుస్తకములను సంచిలో పెట్టుకొనవలెను. ఇది ఐదు నిమిషముల పని. ఉదయమున ఇదే పని పావుగంట పట్టును, తల్లిమీద కేకలును వేయించును. చదివిన పాఠమునకు తేదీ వేయవలెను. పుస్తకమున ఒక ప్రక్క కొంత ఖాళీ విడువవలెను. తెలియని దానిని అచ్చట వ్రాసికొని మరునాడు ఉపాధ్యాయుని అడుగవలెను. ఒకేసారి అన్నియు చేయబూనినవాడు మూడవనాడే మానును. ఒక్క అలవాటుతో మొదలిడి, అది స్థిరపడిన పిదప రెండవది చేర్చుకొనవలెను.

తండ్రులకును కుమారులకును ఒక మాట. ఇంటిలో ఏ వస్తువు కనబడకున్నను తల్లినే పిలుచుట మనకు వాడుక. పొలములో కలుపుతీసి వచ్చి, వంటచేసి, అందరి వస్తువులను జ్ఞప్తియందుంచుకొని వెదకియిచ్చు భారము ఆ యొక్కరిమీద మోపుట న్యాయము గాదు. కడప కార్యశాలలో ఎవరి పని వారికి నియతమైనట్లు, ఇంటిలోను ఎవరి పుస్తకములు, బట్టలు, పనిముట్లు వారే యథాస్థానమున పెట్టవలెను. అట్లు చేసిన నాడు తల్లికి రోజునకొక గడియయైన విశ్రాంతి చిక్కును.

పొందిక యనునది ఇతరులు చూచి మెచ్చుటకు కాదు. నేడు మనము పడిన కష్టము రేపు వచ్చువారికి అక్కరకు వచ్చునట్లు నిలుపుటకు. మనము సంఖ్య వేసి విడిచిన పద్యమును ఎవరో చదువుదురు. మనము తేదీ వేసి దాచిన రసీదు ఎవరి పంటనో కాపాడును. రెండు శతాబ్దములనాడు కడపలో నొక లేఖకుడు విడిచిన ఖాళీ పుటలు ఇట్లే పండితుల చేతులలో నిండెను. ఈ సంచికను చదివి ముగించిన పిదప మా విద్యార్థులు దీనిని మంచము క్రింద పడవేయక పుస్తకముల వరుసలో నిలిపినచో మా శ్రమ ఫలించినదని యెంచుకొందుము.